చేటెడు తవుడు

మొన్న పలమనేరులో దాణా అంగడి ముందు తవుడు వాసనకు ఎదురింటి రత్నత్త గుర్తొచ్చింది. నాకు ముందు పుట్టినవాళ్లంతా పోయారని, నేను పుట్టగానే అమ్మ నన్ను పిల్లల్లేని రత్నత్తకు ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుందట. పరాయి బిడ్డను చావు ముట్టదని నమ్మకం.

అంగట్లో పెరిగినవాణ్ణి కదా, చిన్నప్పుడు అది నిజం బేరమే అనుకొని ఒకరోజు రత్నత్త దగ్గరికి పోయాను.

"ఇంత సవగ్గా అమ్మేసినావేం అత్తా? బిగుసుకోని కూర్చోనుండొచ్చు గదా!" అన్నాను.

"కూర్చుంటి అబ్బోడా. నువ్వు పాలకేడిస్తివి. నాకాడ యాడుండాయి?" అని నవ్వింది.

అంతలో అమ్మ వచ్చి నన్ను లాక్కుపోయింది. "గొడ్రాలికాడ నీకేం పనిరా? దిష్టి తగుల్తాది!"

నన్ను గడుసు బేరగాడంటారు. మా అమ్మంత అన్యాయపు బేరం నేనింతవరకు చేయలేదు.