ఒక్కపొద్దులో కంటిచుక్క

మాది దూదేకుల ఇల్లు, ఇంట్లో మాటంతా తెలుగే. పుత్తూరులో నేనూ, భర్త పోయిన మా అక్కా ఉంటాం. అక్కకు రెండు కళ్ళలోనూ గ్లాకోమా. లోపలి ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బు అది. రోజుకు మూడుసార్లు చుక్కలు వేయాలి. వేసే పని నాది. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక వేళ తప్పకుండా చేసే పనులు నాకు రెండే మిగిలాయి: ఈ చుక్కలు, డైరీ.

పోయినేడు రంజాన్ మొదటి రోజు మధ్యాహ్నం సీసా తీసుకుని వెళితే అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దురా. ఒక్కపొద్దు ఉండాను."

"కంట్లో వేసేది గదక్కా, నోట్లో కాదే."

"కంట్లో వేస్తే గొంతులో చేదు తెలుస్తాది. గొంతులోకి దిగినాక ఒక్కపొద్దు యాడుంటాది?"

చేదు సంగతి ఆమె మామూలు రోజుల్లోనూ చెప్పేది. మసీదుకు వెళ్ళి నమాజు చేయించే హజ్రత్‌ను అడిగాను. కంటిచుక్కతో ఒక్కపొద్దు చెడదన్నారు. వచ్చి ఆ మాటే చెప్పాను.

"ఆయన గొంతులో చేదు లేదు గదా" అంది అక్క.

పగటి చుక్క ఆగిపోయింది. తెల్లవారుజామున సహరీ భోజనం తొందరలో, సాయంత్రం నమాజు హడావిడిలో మిగతావీ "తర్వాత సూద్దాంలే" అయ్యాయి. పైగా పగటి దాహానికి భయపడి సహరీ చివర్లో చెంబెడు నీళ్ళు ఒక్క ఊపున తాగేది.

మా వీధిలో నెలవంకను మొదట చూసేది ఎప్పుడూ అక్కే. ఆ ఏడు కూడా ఆఖరి ఒక్కపొద్దు విడిచి, మసీదు నుంచి వచ్చిన గంజి గిన్నెతో మిద్దెక్కింది. గిన్నె పిట్టగోడ మీద పెట్టి పడమటికి చూసింది.

"అదో సూడండి, ఆ కరెంటు తీగకు పైన! గోరంత ఉండాది" అంది. ఇరుగుపొరుగు వాళ్ళు ఇంకా వెతుకుతూనే ఉన్నారు. నా వైపు తిరిగి, "ఏమిరా, నా కండ్లకు మందంటివే. నీకే కనపడలా" అంది.

తిరగడంలో మోచెయ్యి తగిలి గంజి గిన్నె బోర్లాపడింది. ఆమె పెట్టుకున్న గిన్నే. అందరూ నవ్వారు, ఆమె కూడా. కిందికి దిగేటప్పుడు కుడి భుజం తలుపుచెక్కకు కొట్టుకుంది. మర్నాడు పండగపూట మళ్ళీ అక్కడే కొట్టుకుంది.

తిరుపతికి తీసుకుపోయాను. "కాలిరిగితే మనూర్లోనే కట్టు కడతారు, కంటికి మటుకు ఇంత దూరం" అని బస్సులో విసుక్కుంది. డాక్టరమ్మ పక్కచూపు పరీక్ష చేయించి, పాత కాగితాల పక్కన పెట్టి చూసింది.

"కుడి కంట్లో పక్కచూపు ఇదివరకే తగ్గుతూ ఉంది. ఇప్పుడు ఇంకా పోయింది. పోయింది తిరిగి రాదమ్మా. ఉన్నది కాపాడుకోవాల."

"నెలవంకను అందరికన్నా ముందు సూసినా గదమ్మా?"

"ఎదురుగా ఉండేది కనపడుతుంది. పక్కనుండేదే కనపడదు."

ఒక్కపొద్దు వల్ల కాదని, మందు ఆపడం వల్లనని చెప్పింది. నీళ్ళు ఒకేసారి తాగితే కంట్లో ఒత్తిడి పెరుగుతుందని, కొంచెం కొంచెంగా తాగమంది. అక్క చేదు మాట ఎత్తితే, చుక్క వేసి కన్ను మూయించి, ముక్కు దగ్గర కంటి మూలను వేలితో అదిమింది. అలా కాసేపు పట్టుకుంటే మందు గొంతుకు దాదాపుగా దిగదట.

తిరుగు బస్సులో నాకేమీ అనిపించలేదు. టిక్కెట్లు జేబులో ఉన్నాయో లేదో చూసుకున్నాను. రేణిగుంట దాటాక మళ్ళీ చూసుకున్నాను.

ఈ ఏడు రంజాన్ మొదటి రోజు మధ్యాహ్నం సీసా తీసుకుని వెళ్ళాను. అక్క చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. నేను చెప్పకముందే కుడి కన్ను తెరిచి పెట్టింది. చుక్క వేసి, ఆమె కన్ను మూశాక, మూల దగ్గర వేలుంచి అదిమాను. ఎముక మీద చర్మం పలచగా, వెచ్చగా ఉంది.

"చేదు తెలిసిందా?"

నాలుక కదిపి చూసుకుంది.

"తెలీలా."

వేలు తీయబోయాను.

"ఉండనీరా. ఇంకొంచేపు ఉండనీ" అంది.