సూసినానన్న పోతమ్మ

దేవకుమారి పెళ్ళయి వన్ టౌన్‌కి కాపురానికి వచ్చిన కొత్తలో ఆ సందులో పగటిపూట తలుపు గడియ పెట్టుకునే అలవాటు ఎవరికీ లేదు. డెబ్భైల మొదటి సంవత్సరాల మాట అది. ఎండాకాలం వస్తే మగవాళ్ళు అరుగుల మీద చాపలు పరుచుకుని పడుకునేవారు. ఆడవాళ్ళు మెడలో గొలుసులతోనే కురుపాం మార్కెట్‌కి నడిచి వెళ్ళి నడిచి వచ్చేవారు. దేవకుమారి ఒక ఓడల ఏజెంటు ఆఫీసులో టైపిస్టు. ఆమె భర్త సుందర్ రాజ్ పోర్టులో గుమాస్తా. ఆదివారం చర్చికి వెళుతూ ఇద్దరూ తాళం వేయడం మరిచిపోయినా, తిరిగొచ్చేసరికి ఎదురింటి తాయారు వీళ్ళ గుమ్మంలో కూర్చుని తాపీగా బియ్యం ఏరుకుంటూ కనిపించేది.

సందు మొగలో వీధి కొళాయి పక్కన పోతమ్మ చేపలు అమ్మేది. మనిషి పొట్టి. మోకాళ్ళ పైకి దోపిన చీర, ముక్కుకి రెండు పక్కలా పుడకలు, ఎండకీ ఉప్పుగాలికీ నల్లగా నిగనిగలాడే మొహం. మొగుడు పోలిరాజు తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు. తెల్లారి అతను తెచ్చిన చేపల్ని గంపకెత్తి జాలరిపేట నుంచి నడిచి వచ్చి, గంప దించి, "కానాగంతలమ్మో" అని ఒక్క కేక వేసేది. ఆ కేకతోనే దేవకుమారి ఆఫీసుకి తయారవడం మొదలుపెట్టేది. అంతకుమించి పోతమ్మ గురించి ఆలోచించవలసిన పని ఆమెకి చాలా ఏళ్ళు పడలేదు.

ఈలోగా ఊరు పెరిగింది. అవుటర్ హార్బర్ కట్టారు. ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందని భూములు చదును చేస్తున్నారు. లారీలు, కాంట్రాక్టులు, కొత్త మొహాలు. మద్దిలపాలెం అవతల తుప్పలుండే చోట ఇళ్ళు లేచాయి. ఎవరు ఎవరో తెలియడం మానేసింది. ముందు సైకిళ్ళు పోయాయి. తరవాత పట్టపగలు పాత పోస్టాఫీసు దగ్గర ఒకావిడ మెడలో గొలుసు తెంపుకుపోయారు. ఆడవాళ్ళు పమిట మెడ చుట్టూ తిప్పుకుని నడవడం నేర్చుకున్నారు. అరుగుల మీది చాపలు లోపలికి వెళ్ళిపోయాయి. సుందర్ రాజ్ తలుపుకి రెండో గడియ బిగించాడు.

దొంగలంతా బయటినుంచి వచ్చినవాళ్ళేనని అందరూ అనుకున్నారు. కానీ దుర్గాసి ఆ సందులోనే పుట్టి పెరిగినవాడు. చిన్నప్పుడు గోళీలాడిన చోటే, పెద్దయ్యాక నలుగురిని వెనకేసుకుని నిలబడి తోపుడు బళ్ళ దగ్గరా ఆటోల దగ్గరా మామూళ్ళు వసూలు చేసేవాడు. ఇవ్వనివాడి బండి చక్రం విరిగేది. ఫిర్యాదు చేసినవాడి ఇంటి మీద రాళ్ళు పడేవి. అందుకని ఎవరూ ఫిర్యాదు చేసేవారు కాదు.

కన్నబాబు అనే ఆటో కుర్రాడు మాత్రం ఇవ్వనన్నాడు. ఒకసారి కాదు, చాలాసార్లు.

ఆ రోజు పొద్దున్న దేవకుమారి కిటికీ దగ్గర నిలబడి జడ వేసుకుంటోంది. కన్నబాబు కొళాయి దగ్గర వంగి డబ్బాలో నీళ్ళు పడుతున్నాడు. దుర్గాసి సందులోకి మామూలుగా, పనిమీద వచ్చినట్టే వచ్చాడు. కన్నబాబు వెనక ఆగాడు. చొక్కా కింది నుంచి చెయ్యి బయటికి తీశాడు. ఆ తరవాత జరిగింది ఎంత త్వరగా జరిగిందంటే, దేవకుమారి చేతిలో జడపాయలు అలాగే ఉండిపోయాయి. కన్నబాబు నీళ్ళలోనే బోర్లా పడ్డాడు. దుర్గాసి చుట్టూ ఒకసారి చూసి, ఎలా వచ్చాడో అలాగే నడిచి వెళ్ళిపోయాడు.

అప్పటికి సందులో చాలామంది ఉన్నారు. పాలవాడున్నాడు, ఇస్త్రీ బండివాడున్నాడు, గుమ్మంలో తాయారు ఉంది. మరుక్షణంలో ఎవరూ లేరు. కన్నబాబు దగ్గరికి కదిలింది పోతమ్మ ఒక్కతే. తలమీద గంప కింద పెట్టుకునే చుట్టగుడ్డ విప్పి అతని వీపుకి గట్టిగా అదిమింది. రిక్షా తొక్కేవాడు ఒకడు మూల నక్కి నిలబడితే, వాడి చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది. కన్నబాబుని రిక్షాలో ఒళ్ళో పడుకోబెట్టుకుని పెద్దాసుపత్రికి పోయింది. గంప అక్కడే ఉండిపోయింది. ఆ రోజు దాన్ని పిల్లులు కూడా ముట్టుకోలేదని తరవాత అందరూ వింతగా చెప్పుకున్నారు.

కన్నబాబు బతికాడు. కానీ వెనకనుంచి పొడిచారు కనక ఎవరు పొడిచిందీ తను చూడలేదు.

మధ్యాహ్నానికి ఎస్సై వచ్చి ఇంటింటికీ తిరిగాడు. పాలవాడు అప్పుడే వచ్చాడట. తాయారు దేవుడి గదిలో ఉందట. సుందర్ రాజ్ గుమ్మంలో అడ్డంగా నిలబడి, "మా ఆవిడ వంటింట్లో ఉందండి" అన్నాడు. అతని వెనకాల దేవకుమారి ఏమీ అనలేదు. ఎస్సై విసుగ్గా రోడ్డు మీదికి వచ్చి, ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చి కొళాయి కింద చేతులు కడుక్కుంటున్న పోతమ్మని, ఏదో అడగాలి కాబట్టి అన్నట్టు అడిగాడు.

"నువ్వేమైనా చూశావా?"

"సూసినాను బాబూ."

ఎస్సై ఆగిపోయాడు. "ఎవరు?"

"దుర్గాసి. నా ఎదరగానే ఒచ్చినాడు. నా ఎదరగానే పొడిసినాడు. నడిసెల్లిపోనాడు."

ఆమె గొంతు తగ్గించలేదు. చేపలు అమ్మే గొంతుతోనే చెప్పింది. ఒక్కొక్క కిటికీ రెక్కే మూసుకుంటున్న చప్పుడు సందు పొడుగునా వినిపించింది. దేవకుమారి మాత్రం కిటికీ మూయలేకపోయింది. గాలివాన రోజున సముద్రం ఒడ్డుకి వెళ్ళి నిలబడితే కాళ్ళు ఎలా అతుక్కుపోతాయో, అలా నిలబడి ఆ పొట్టి మనిషినే చూస్తూ ఉండిపోయింది.

దుర్గాసిని పట్టుకున్నారు. కానీ అతని మనుషులు బయటే ఉన్నారు. మర్నాడు పోతమ్మ రాదనుకున్నారు అందరూ. పోతమ్మ వచ్చింది. ఆమె వెనకాల పోలిరాజు వచ్చాడు. వేటకి పోవడమే తప్ప ఊళ్ళోకి అడుగుపెట్టని మనిషి, పెళ్ళాన్ని బతిమాలుకుంటూ వచ్చాడు.

"సముద్దరం తిరగబడితే ముందుగా తెలుస్తాదే. గాలి సెప్తాది, నీటి రంగు సెప్తాది. మడిసి అలాక్కాదు. కత్తి తీసేదాకా తెల్దు. ఇంటికి పోదాం రాయే."

"ఇప్పుడు తెలిసినాది కదా" అంది పోతమ్మ, గంప దించుకుంటూ.

పోలిరాజు ఇంటికి పోలేదు. గోడ వారన కూర్చుని, చిరిగిన వల ఒకటి ఒళ్ళో వేసుకుని కుట్టడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి కేసు తేలేదాకా వేట లేని రోజల్లా అతను ఆ గోడ వారనే కూర్చునేవాడు. వల కుట్టుకునేవాడు, తలెత్తి సందు చివరికి చూసేవాడు, మళ్ళీ వల కుట్టుకునేవాడు.

పోలిరాజు వేటకి పోయిన రోజు చూసి దుర్గాసి మనుషులు వచ్చారు. ఇద్దరు. గంపని కాలితో తన్ని, చేపల్ని బురదలో తొక్కి, సందు చివరికి పోయి అక్కడే నిలబడి బీడీలు వెలిగించుకున్నారు. పోతమ్మ వాళ్ళవైపు చూడలేదు. నలిగిన చేపల్ని పక్కకి తోసింది. మిగిలినవాటిని ఒక్కొక్కటే ఏరి కొళాయి కింద కడగసాగింది. కొళాయిలో నీళ్ళు ఆగిపోయాయి. అయినా ఆమె లేవలేదు. నీళ్ళొస్తాయన్నట్టు కొళాయి కిందే చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

దేవకుమారి ఎప్పుడు గడియలు తీసిందో, ఎప్పుడు బకెట్ ఎత్తిందో తనకే తెలియదు. రోడ్డు దాటి బకెట్ ఆమె పక్కన దించింది.

"అమ్మగోరూ, లోనకి పోండి. ఆల్లు అక్కడే ఉన్నారు."

దేవకుమారి వెళ్ళలేదు. పక్కనే గొంతుక్కూర్చుంది. "ఎందుకు పోతమ్మా నీకిదంతా? కన్నబాబు నీకు చుట్టమా?"

"సుట్టమేటి. ఆడు సేపలు తిండు. ఏనాడూ నా గంప ఏపు సూడనేదు."

చేప మొప్పల కింద వేలు పెట్టి బురద తీస్తూ తన అన్న సూరన్న సంగతి చెప్పింది. పోతమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు సూరన్న తెప్ప మీద వేటకెళ్ళి తిరిగి రాలేదు. తెప్ప చెక్క కూడా కొట్టుకు రాలేదు. ఏమైందో, ఎక్కడైందో చూసినవాళ్ళు లేరు. వాళ్ళమ్మ బతికున్నంత కాలం ఒడ్డుకి వెళ్ళి, వచ్చిన ప్రతి తెప్పవాణ్ణీ అడిగేది, మా వోడు కనిపించాడా అని.

"సముద్దరంలో సూసినోడు ఉండడు. ఆడ ఏటయినా అడగడానికి నేదు. ఇది ఒడ్డు గదమ్మా. ఒడ్డున మడిసి పడిపోతే, సూసినోల్లు ఇంతమంది ఉండి సూడనేదంటే, ఒడ్డుకీ సముద్దరానికీ తేడా ఏటి మరి?"

చర్చి ప్రసంగాల్లో విన్న ఏ మాటా దేవకుమారిని అలా పట్టి ఊపలేదు. బకెట్ అక్కడే వదిలేసి, కట్టుకున్న చీరతోనే, సందు చివర బీడీలు కాలుస్తున్న వాళ్ళ పక్కనుంచే నడిచి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళింది. నేనూ చూశాను, రాసుకోండి, అని ఎస్సైకి చెప్పింది.

సాయంత్రం సుందర్ రాజ్‌కి చెబితే అతను చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

"మనకి ఇద్దరు ఆడపిల్లలు, కుమారీ."

"వాళ్ళు రోజూ ఆ సందులోంచే కదండీ బడికి వెళ్ళేది."

అతను మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. కానీ ఆ వారం నుంచి పిల్లల్ని బడికి తనే దింపి వచ్చాడు. విచారణ రోజున సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, "పద" అన్నాడు.

కోర్టులో పోతమ్మని ముందు పిలిచారు. ఉతికిన చీర కట్టుకుంది, తలకి నూనె రాసుకుంది. బోనులోకి ఎక్కితే అడ్డ చెక్కల పైన ఆమె మొహం మాత్రమే కనిపించింది. ఎదురుగా దుర్గాసి నిలబడి రెప్ప వేయకుండా ఆమెనే చూస్తున్నాడు. పోతమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. దుర్గాసి తరఫు వకీలు నల్లకోటు సర్దుకుంటూ లేచాడు. చాలా అడిగాడు, బెదిరించాడు, నవ్వాడు. చివరికి చేతులు చాచి జడ్జి వైపు తిరిగి అన్నాడు.

"పట్టపగలు. నిండు సందు. అంతమందికి కనబడనిది నీ ఒక్కదానికే ఎలా కనబడిందమ్మా?"

"అందరికీ కనబడినాది బాబూ" అంది పోతమ్మ. "నాను సెప్పినాను. ఆల్లు సెప్పనేదు."

వెనక బెంచీ మీద, తమాషా చూడ్డానికి వచ్చిన పాలవాడు తల వంచుకున్నాడు. తరవాత పిలుపు దేవకుమారిది. బోను దిగి వస్తున్న పోతమ్మ ఎదురుపడి, కోర్టు అని కూడా చూడకుండా, ఆమె చెయ్యి ఒకసారి నొక్కి "ఎల్లు సెల్లీ" అంది. అన్నేళ్ళలో అమ్మగోరు అని తప్ప పిలవని మనిషి. దేవకుమారి బోనెక్కింది. చూసింది చూసినట్టు చెప్పింది.

దుర్గాసికి ఏడేళ్ళు శిక్ష పడింది.

ఆ తీర్పుతో ఊరు మారిపోలేదు. పేపరు తీస్తే దొమ్మీలు, దొంగతనాలు ఉంటూనే ఉన్నాయి. సందు మాత్రం మెల్లిగా మారింది. దుర్గాసి మనుషుల్లో ఒకడు మళ్ళీ మామూలుకి వస్తే, ఇస్త్రీ బండివాడే నేరుగా స్టేషన్‌కి పోయాడు. ఇంకోసారి తాయారు మెడలో గొలుసు మీద చెయ్యి వేసినవాణ్ణి పాలవాడు క్యానుతో అడ్డగిస్తే, సందు సందంతా తలుపులు తీసుకుని బయటికి వచ్చింది. ఎవరు చూశారని ఎస్సై అడిగితే ఒకరి మాట ఒకరికి వినబడనంతగా అందరూ ఒక్కసారే చెప్పారు. అదంతా జరుగుతున్నంతసేపూ పోతమ్మ వంజరం ముక్కలు కోస్తూ తల కూడా ఎత్తలేదు. తన వల్ల ఏదో జరిగిందన్న ఊహే ఆమెకి ఉన్నట్టు కనబడలేదు. దేవకుమారికి అన్నిటికంటే అదే ఆశ్చర్యం.

ఎనభైల మధ్యలో ఒక పొద్దున్న దుర్గాసి వచ్చాడు. శిక్ష అయిపోయింది. జుట్టు నెరిసింది, చొక్కా వదులుగా వేలాడుతోంది. ఈసారి ఎవరూ తలుపులు మూయలేదు. అందరూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. విడుదల కబురు విని మళ్ళీ గోడ వారన కూర్చుంటున్న పోలిరాజు వల పక్కన పెట్టి లేచాడు. దేవకుమారి ఆఫీసు సంచీ భుజాన వేసుకుని అప్పుడే గడప దాటింది. నేరుగా వెళ్ళి పోతమ్మ పక్కన నిలబడింది.

దుర్గాసి గంప ముందు ఆగాడు.

"మా అమ్మ పోయినాది, నాను లోన ఉండగా" అన్నాడు.

"తెలుసు" అంది పోతమ్మ. "సావుకి నాను ఎల్లినాను."

అతను తల ఆడించాడు. పద్మనాభం అనే ఊళ్ళో అక్క ఉందనీ, అక్కడికి పోయి పొలం పనులు చేసుకుంటాననీ ఎవరూ అడగకుండానే చెప్పాడు. కదలబోయి, మళ్ళీ ఆగాడు.

"ఒక్క మాట అడుగుతానత్తా. ఆ రోజు కోర్టులో నాను నిన్నే సూస్తన్నాను. మా వోల్లు బయటున్నారని నీకు తెలుసు. బయం ఎయ్యనేదా?"

"ఎయ్యనేదని ఎవులు సెప్పినారు?" అంది పోతమ్మ. "కాల్లు రెండూ ఒకటే వొణుకు. ఆ బోను సెక్క అడ్డముంది గాబట్టి నీకు కనబడనేదు. పట్టుకోడానికి కర్రుంది గాబట్టి నిలబడినాను. ఇంటికెల్లి రెండ్రోజులు జొరంతో పడుకున్నాను. ఈయన్నడుగు."

పోలిరాజు అవునన్నట్టు తలూపాడు.

దుర్గాసి వెళ్ళిపోయాడు. దేవకుమారి మాత్రం కదలలేకపోయింది. ఇన్నేళ్ళూ ఈ మనిషికి భయమంటే తెలియదనుకుంది. అలా పుట్టిన మనిషి కాబట్టి అలా చెయ్యగలిగిందని, లోపల ఎక్కడో తనకి తాను సర్దిచెప్పుకుంటూ వచ్చింది. ఆ వణికే కాళ్ళ మీదే నిలబడి ఆమె కోర్టులో ఆ మాట అన్నదని ఇప్పుడు తెలిసింది. చూస్తున్నకొద్దీ ఆ పొట్టి మనిషి కొండంత అయినట్టనిపించింది.

"బస్సు పోతాది సెల్లీ" అంది పోతమ్మ, నీళ్ళు చిలకరించి చేపల మీది గోనె సరిచేస్తూ. "బేగి ఎల్లు."