ఓడెక్కిన గడప

"తొక్కకుండ్రి బిడ్డా అన్న, గంతే తమ్మీ. ఇంకేం అనలే. ఒక్కొక్కరిని రెక్కలు పట్టి లేపి అవతల దించిన. దించే ముందట దానికి దండం పెట్టుకోండ్రి అన్న. దానికే ఇంత లొల్లి."

"ఓడలో గడప ఏమిటి భాగ్యమ్మా?" అన్నాను.

"గదే చెప్తున్న. జర ఇను."

భాగ్యమ్మ నా జిరాక్సు దుకాణం ముందున్న బల్ల మీద కూర్చుని ఉంది. ఎదురుగా తెల్లాపూర్ బడి. ఆ బడి బస్సులో ఆమె ఆయమ్మ. పొద్దున పిల్లల్ని దించాక, మళ్లీ సాయంత్రం బస్సు ఎక్కేలోగా కాస్త తీరిక దొరికితే ఇక్కడికొచ్చి కూర్చుంటుంది. యాభై దాటిన మనిషి. మెడలో పుస్తెతో పాటు గోరంత వెండి పదకం ఒకటి ఉంటుంది. మాట్లాడుతున్నంతసేపూ దాన్ని వేళ్లతో తిప్పడం ఆమె అలవాటు. ఆ రోజు తిప్పడం లేదు. పిడికిట్లో పట్టుకుని కూర్చుంది.

అంతకు ముందు వారం మూడో తరగతి పిల్లల్ని ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో ఒక పెద్ద హాలుకు తీసుకెళ్లారు. అక్కడ పాతకాలపు తెరచాప ఓడల ప్రదర్శన. శాతవాహనుల నాణేల మీద కనిపించే రెండు తెరచాప కొయ్యల ఓడ ఒకటి, బందరు రేవుకు వచ్చిన డచ్చివాళ్ల ఓడ ఒకటి, కోరంగి దగ్గర కట్టే సరుకుల ఓడ ఒకటి. అల్మారాలో పెట్టే బొమ్మలు కావు, పిల్లలు ఎక్కి తిరిగేంత పెద్దవి. పెద్ద పెద్ద ఫ్యాన్లు పెట్టి తెరచాపలు ఉబ్బిస్తున్నారట. నీలం లైట్లు. గోడల్లోంచి అలల చప్పుడు.

భాగ్యమ్మ సముద్రం చూడలేదు. "ఊ... అని ఒకటే సప్పుడు. నేను ఏసీ ఖరాబైందనుకున్న. పిల్లలు నవ్విండ్రు, ఆయమ్మా అది సముద్రం అని."

మొదటి రెండు ఓడలూ ఎక్కి దిగారు. మూడోది సరుకుల ఓడ. దాని పొట్టలో చీకటి గది ఉంది. ఉప్పు బస్తాలు, బట్టల మూటలు వేసే గది. లోపలికి పోవాలంటే వంగి దూరే చిన్న ద్వారం. చూపించే అమ్మాయి పిల్లలకు చెప్పింది: ఈ ఓడలను పాత ఇళ్ల కలపతో కట్టాం, అందుకే అంత పాతగా కనిపిస్తాయి, ముట్టుకుని చూడండి అని.

"నేను అందరికంటే ముందు పోయిన, లోపల లైటు ఉన్నదో లేదో చూద్దామని. పోతుంటే నా కాలు దానంతటదే లేసింది తమ్మీ. నేను లేపలే. గంత ఎత్తే, గా ఎడమ కాలే. ఇరవై ఏండ్లు పొద్దుమాపు దాటిన ఎత్తు. కాలు లేపినదాన్ని అట్లనే నిలవడ్డ. అప్పుడు కిందికి చూసిన."

కింద ఉన్నది గడప. నల్లరంగు పూశారు. పిల్లల బూట్లు తగిలి తగిలి నడుమ రంగు పోయింది. పోయిన చోట పసుపుపచ్చగా ఉంది.

ఆ పసుపు ఎవరు రాసిందో ఆమెకు తెలుసు.

భాగ్యమ్మ ఎల్లేశానికి రెండో పెళ్లానిగా పుప్పాలగూడకు వచ్చింది. అప్పటికి అక్కడ ఈ అద్దాల భవనాలు లేవు. బండలు, జొన్న చేన్లు, నడుమ ఊరు. ఎల్లేశం మొదటి భార్య బాలమణి తొలి కాన్పులోనే, బిడ్డ కడుపులో ఉండగానే పోయింది. అలా పోయినవాళ్లు మళ్లీ ఇంట్లోకి వస్తారని, శవం లేచిన వెంటనే పెద్దలు గడపకు వీధి వైపున మేకులు కొట్టించారు. ఏడాది తిరక్కుండా భాగ్యమ్మ అదే గడప మీదుగా కుడికాలు పెట్టి లోపలికి వచ్చింది. అత్త ఆమె మెడలో పుస్తె పక్కన ఈ వెండి పదకం కట్టి, ఇది మీ అక్క అని చెప్పింది. కొత్త చీర కట్టే ముందు దీనికి తాకించాలి. పండగ పూట తొలి ముద్ద దీనికి చూపించాలి.

"మొగుని కంటే ముందు ఆమెతోనే లగ్గమైనట్టు" అని భాగ్యమ్మ నవ్వింది. "పదకం పేరుకే తమ్మీ. ఆమె ఉన్నది గడప కాడ."

"ఎట్లా తెలుసు?"

"దీపం పెట్టే యాళ్లకు తెలుస్తుండె. నేను లోపల దిక్కు కూసొని బియ్యం ఏరుకుంటుండె. ఆయన డ్యూటీకి పోతుండె. గడపకు అవతల, ఎవరో కాళ్లు ముడుసుకొని కూసున్నట్టు. గాలి ఆడ ఆగుతుండె. దీపం అటు దిక్కు వంగకపోతుండె."

"భయం వేయలేదా?"

"మొదట్ల ఏసింది. లోపలికి పోయి తలుపేసుకుంటుండె. తర్వాత అనిపించింది, ఎవరింట్ల ఎవరు తలుపేసుకున్నరు? ఇల్లు ఆమెది. ఆమె బయట, నేను లోపల. ఇగ భయమేంది, పాపం గాని."

అప్పటి నుంచి మాట్లాడటం మొదలుపెట్టిందట. బియ్యం ఏరుతూ ఎల్లేశం గురక గురించి, బోరింగు కాడి కొట్లాటల గురించి, అత్త గురించి. "అత్త సంగతి ఆమెకు ఎక్కువ చెప్పే పని లేకుండె. నాకంటే ముందుగాల ఆమెనే పడ్డది."

భాగ్యమ్మకు పిల్లలు కలగలేదు. ఆ బయటిది పగబట్టిందని అత్త అనేది. భాగ్యమ్మ ఒప్పుకోలేదు. ఆ ఒక్క విషయంలోనే అత్తకు ఎదురు చెప్పేదట. తన బిడ్డను ఎత్తుకోకుండానే పోయిన మనిషి ఇంకొకరి కడుపు మీద ఎందుకు పగబడుతుంది అని.

"ఆమె పలికేదా ఎప్పుడన్నా?" అని అడిగాను.

"పలకదు. ఇంటది. నువ్వు ఇంటలేవా, గట్లనే."

నా పక్కన ఖాళీ కుర్చీ ఉంది. అటు చూడాలనిపించలేదు.

అత్త పోయింది. ఊరి మీదికి అపార్ట్‌మెంట్లు వచ్చాయి. ఇల్లు అమ్మేశారు. యంత్రం వచ్చి గోడలు తోసే ముందు బిల్డరు మనుషులు తలుపులు, దూలాలు, గడప పెకిలించి డీసీఎం వ్యానులో వేసుకుపోయారు. భాగ్యమ్మ ఆ బండి వెనక కొంత దూరం నడిచిందట. ఎటు పోతుందని అడిగితే పాత కలప దుకాణానికి అన్నారు. ఏ దుకాణమో అడిగేలోపు బండి రోడ్డెక్కింది. ఆ తర్వాత ఎక్కడ దీపం పెట్టినా దాని మంట అన్ని వైపులా ఆడింది. అవతల ఎవరూ కూర్చోలేదు.

"ఒక్కలాంటి గడపలు ఎన్ని ఉండవు భాగ్యమ్మా? పసుపు అందరూ రాస్తారు" అన్నాను.

"రాస్తరు. మేకులు చూసిన గదా. రెండు మామూలు మేకులు. మూడోది దొరకక ఎడ్ల గిట్టలకు కొట్టే నాడ మేకు కొట్టిండ్రు, తల పలకగ ఉంటది. మూడూ ఉన్నయి, నల్లరంగు కింద." ఆమె గొంతు తగ్గించింది. "గాని ఓడ కట్టిన వడ్లోల్లు గడపను తిరగేసి కూసోబెట్టిండ్రు. వీధి దిక్కు ఉండాల్సిన మేకులు లోపల దిక్కు ఉన్నయి. గా చీకటి అర్ర దిక్కు. అంటే ఆమె ఉన్న దిక్కు గదే. పిల్లలను నేను ఎత్తి దించింది ఆమె దిక్కుకే."

ఎత్తి దించుతూనే ఉంది. ఆపితే క్లాసంతా ఆగిపోతుంది. తను మాత్రం లోపలికి అడుగు పెట్టలేదు. పిల్లలు ఆ చీకట్లో మూటల మధ్య కాసేపు తిరిగి, ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఆఖరున వచ్చిన అనూష రెండు జడల పిల్ల. బస్సు దిగేటప్పుడే ఒక రిబ్బను ఊడిపోయి వేలాడుతోంది. తర్వాత కడతానని భాగ్యమ్మ అనుకుంది. బయటికి వచ్చేసరికి రిబ్బను బిగించి, పువ్వులా ముడేసి ఉంది.

"ఎవరు కట్టిండ్రు బిడ్డా అన్న. నా మొకం దిక్కు చూసి, నువ్వే కదా ఆయమ్మా ఇప్పుడే లోపల కట్టినవ్ అన్నది."

జిరాక్సు మిషను వేడికి చిటపటమంది.

లొల్లి మాత్రం అంతకు ముందే మొదలైంది. పిల్లలంతా గడపకు మొక్కుతుంటే టీచరు ఉదయశ్రీ చూసింది. ఆమెది కడప. "ఏం చేస్తాండావు భాగ్యమ్మా? వీళ్లు ఇంటికి పొయ్యి చెప్తే నాకు గదా చీవాట్లు" అందట. అన్నట్టే ఎవరో తల్లి వాట్సాప్ గ్రూపులో పెట్టింది, ఆయమ్మ పిల్లలకు మూఢనమ్మకాలు నేర్పుతోందని. ఇక మీదట విహారయాత్రలకు భాగ్యమ్మ వద్దన్నారు. ఆదివారం తనే టికెట్టు కొనుక్కుని మళ్లీ వెళ్లింది. గడపకు పసుపు రాసి పక్కన కూర్చుంటే సెక్యూరిటీ వాళ్లు మర్యాదగానే లేపి బయటికి పంపారు. మళ్లీ వస్తే లోపలికి రానిచ్చేది లేదన్నారు. వాళ్లలో ఒకడే జాలిపడి చెప్పాడు, ఈ శనివారం ఓడలు విప్పేసి కంటైనర్లలో వేరే ఊరికి తీసుకుపోతారని. ఏ ఊరో అతనికి తెలియదు.

"ఎల్లేశానికి చెప్పావా?"

"చెప్పిన. తింటుండె. చెయ్యి ఆపి, మేకులు ఉన్నయా ఇంక అన్నడు. ఉన్నయన్న. లేసి చెయ్యి కడుక్కున్నడు. డ్యూటీకి పోయేటప్పుడు చెప్పులు తొడుక్కుంట అన్నడు, ఆ రోజు సుత్తె నాతోనే పట్టించిండ్రు అని. ముప్పై ఏండ్ల సంసారంల ఆమె సంగతి ఆయన నోట ఇనుడు గదే మొదలు."

బడిలో గంట మోగింది. భాగ్యమ్మ లేచి కొంగు సర్దుకుంది. పోకుండా నిలబడింది. పిడికిలి విప్పింది. పదకం అంచు అరచేతిలో ఎర్రగా అచ్చు పడి ఉంది.

"నువ్వు పో తమ్మీ. శనివారం లోపల పో. నిన్ను ఎవరూ ఆపరు. గడప తొక్కకు. దాటి లోపలికి పోయి, మేకులున్న దిక్కు జరసేపు కూసో. ఏమన్న అడుగుతరేమో, ఫోటో దిగుతున్న అను. బాలమణీ అని పేరు పెట్టి పిలువు, ఆ పేరుతోని పిలిచి ఎన్నేండ్లయిందో. భాగ్య తోలింది అని చెప్పు. ఆ ఓడ ఎంబడి పోవద్దను. మా ఇల్లు తెల్లాపూర్ల పాత ఊర్లె, చికెన్ దుకాణం మీద రెండో అంతస్తు. మెట్లకాడ లైటు లేదు, చూసుకొని రమ్మను. కిరాయి ఇంటికి గడప లేదు తమ్మీ, వట్టి టైల్సు. మేకు కొట్టనీకె జాగనే లేదు, సీద లోపలికి రమ్మని చెప్పు."