జల్లెడలో గుండీ

మా బావ ప్రేమానందానికి ఈ లోకంలో రెండే ఇష్టం. ఒకటి ఆదివారం చర్చిలో ముందు బల్ల మీద కూర్చుని గొంతెత్తి పాడటం. రెండోది కలకత్తా గార్డెన్ రీచ్‌లోని మా ఇంజన్ల వర్క్‌షాపులో విడిభాగాలు కడిగే యంత్రం. మా అక్క విజయ కుమారి ఆ తర్వాతే అని నేనంటే, ఆవిడ నవ్వేసి ఊరుకుంటుంది. ముప్ఫై ఏళ్ళుగా నేనక్కడ స్టోర్‌కీపర్‌ని. చూసిందే చెబుతున్నాను.

ఆ యంత్రం పెద్ద ఇనుప బీరువాలా ఉంటుంది. పడవల ఇంజన్ల జిడ్డు భాగాలు బుట్టలో పెట్టి తలుపు మూస్తే, బుట్ట తిరుగుతుంటుంది, చుట్టూ ఉన్న నాజిళ్ళు వేడి సబ్బునీళ్ళు కొడతాయి. ఆ నీళ్ళే జల్లెడ గుండా మళ్ళీ పంపులోకి వెళ్తాయి. ప్రతి శనివారం బావ తొట్టి ఖాళీ చేసి, అడుగున పేరుకున్న మడ్డి గోకుతాడు. నాజిళ్ళను ఇత్తడి తీగతో పొడుస్తాడు. ఇనుప తీగ పట్టుకుంటే రంధ్రం పెద్దదైపోతుందని మన చెయ్యి విరగ్గొట్టేలా చూస్తాడు. ఆయన చాదస్తం మాకు నవ్వులాటే గానీ, యంత్రం ఒక్కనాడూ మొరాయించలేదు.

అందులో బట్టలు ఉతకకూడదన్నది ఆయన శాసనం. వేడినీళ్ళు ఊరికే దొరుకుతుంటే జిడ్డు చొక్కా పడేయాలని ఎవరికుండదు? కానీ నూలు పోగులు జల్లెడకు అడ్డంపడితే పంపుకు నీళ్ళందవు.

పోయిన నవంబరులో ఒక బుధవారం, ఓడల్ని లాగే టగ్గు పడవ ఇంజన్ భాగాలు సాయంత్రానికి కడిగివ్వాల్సి ఉండగా, పొద్దున్నే పంపు గీపెట్టింది. సూపర్‌వైజర్ ఘోషాల్ బాబు, ముందురోజు యంత్రం నడిపిన అశోక్‌కుమార్‌ని పట్టుకున్నాడు. అశోక్ వాట్‌గంజ్‌లో ఉండే మన తెలుగువాడే. కాంట్రాక్టు పని, ఇద్దరాడపిల్లలు.

"బట్టలు ఉతికావు కదూ? జల్లెడలో పోగులు కనబడితే ఈ పూటే నీ గేటు పాసు రద్దు," అన్నాడు ఘోషాల్ బాబు. పాసు పోతే అశోక్‌కి పని పోయినట్టే.

బావ కూడా మండిపడ్డాడు. "ఎన్నిసార్లు సెప్పినాన్రా? సెవికెక్కదేటి?" అంటూ కరెంటు ఆపి, నీళ్ళు చల్లారాక బోల్టులు విప్పి జల్లెడ పైకి తీశాడు. పోగులు పిచ్చుక గూడులా చుట్టుకుని ఉన్నాయి. విడదీస్తుంటే మధ్యలో గుండీ దొరికింది. దానికి ఎర్రదారం. ఖాకీ చొక్కాకు ఎర్రదారంతో గుండీ కుట్టే మనిషి మొత్తం కలకత్తాలో మా అక్క ఒక్కతే. ఏ దారం చేతికొస్తే అదే ఆవిడకి.

నాకు తెలిసిపోయింది. బావకు నాకంటే ముందే తెలిసింది. "ఆ జిడ్డు నా కుళాయి కాడికి తెచ్చారంటే సూడండి," అని అక్క ఇంట్లో ఎప్పుడూ గోలపెడుతుంది. శనివారం అందరూ వెళ్ళాక ఈయన ఇక్కడే ఉతుక్కున్నాడన్నమాట! ఊరందరికీ నీతులు చెప్పే పెద్దమనిషి!

ఘోషాల్ బాబు అవతల ఫోనులో ఉన్నాడు. గుండీని ఇంకెవరూ చూడలేదు.

"బావా, జేబులో ఏసెయ్," అన్నాను మెల్లగా. ఆయన పరువు పోతే నాదీ పోయినట్టేనని భయం.

"ఏ జేబులోరా గోవిందరాజూ? ఇది ఆ జేబు గుండీయే," అన్నాడు.

తిన్నగా వెళ్ళి గుండీని ఘోషాల్ బాబు బల్ల మీద పెట్టాడు. "దాదా, ఉతికింది నేను. అశోక్ పాసు ముట్టుకోకండి."

ఘోషాల్ బాబు గుండీని చూశాడు, గుండీ ఊడిన బావ జేబును చూశాడు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి బావకు మెమో రాసిచ్చాడు. బావ దాన్ని నాలుగు మడతలు పెట్టి అదే జేబులో పెట్టుకున్నాడు. నాకు ఆ మనిషిని కౌగిలించుకోవాలనిపించింది.

మధ్యాహ్నానికి పంపు హాయిగా తిరుగుతోంది. అశోక్ దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"దాదా, నిన్న నేనూ ఉతుక్కున్నాను."

బావ అటూ ఇటూ చూశాడు.

"నోర్ముయ్యెహె. గుండీ ఒక్కటే దొరికింది. బుట్టెక్కించు."