సుబ్బారావు గారికి వియ్యాలవారి పాట

రాజుపాలెంలో పెళ్లంటే ఒకప్పుడు పురోహితుడి తర్వాత కబురు వెళ్లేది శేషారత్నానికే. ఆడపెళ్లివారి పక్కన కూర్చుని మగపెళ్లివారిని పాటలో ఉతికి ఆరేసేది. వాళ్లు తిరిగి పాట అందుకోవాలి, లేకపోతే ఓడినట్టు. ఇప్పుడు డీజే పెట్టెలొచ్చాయి. ఆమెను భోజనానికి పిలుస్తున్నారు గానీ పాటకు పిలవడం లేదు.

అందుకే సైన్సు డే నాడు బడిలో శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి మీద పాడమని హెడ్మాస్టరు పున్నారావు అడిగితే ఆమె కాళ్లు నేలమీద నిలవలేదు. ఇది పోతే మళ్లీ మైకు చేతికి రాదని కూడా తెలుసు.

"ఏందిరా ఆయన గొప్ప? ఏ ఊరు? చదువులో చురుకేనా?"

"మెట్రిక్ రెండుసార్లు తప్పాడత్తా. చిన్నప్పుడు కాశీలో అరటిపళ్లు అమ్ముతానని ఇల్లొదిలి పోతుంటే పట్టుకొచ్చారంట," అనేసి పున్నారావు నాలిక్కరుచుకున్నాడు. "అయ్యి పాటలో పెట్టమాక! మర్యాదగా ఉండాల. నా పెళ్లిలో నా బట్టతల మీద కట్టినట్టు కట్టమాక."

"అబద్ధం కట్టానంట్రా?"

ఆ రోజు శేషారత్నం మర్యాదగానే "ఓ మహానుభావా" అని ఎత్తుకుంది. పిల్లలు ఆవలించారు. తల్లులు కబుర్లలో పడ్డారు. మైకు కోసం పున్నారావు చెయ్యి చాపుతున్నాడు. అంతే, ఆమె చేతులు వాటంతటవే పెళ్లిదరువు వేశాయి.

"కాశీకి పోతానన్న అల్లుడమ్మా
అరటిపళ్లు అమ్ముతానన్న అల్లుడమ్మా
మెట్రిక్కు తప్పెనమ్మా, మళ్లీ తప్పెనమ్మా
ఇట్టాంటోడికి పిల్లనెట్టా ఇచ్చేదమ్మా!"

ఆడవాళ్లు ఘొల్లున నవ్వి చప్పట్లు అందుకున్నారు. శేషారత్నం అలవాటు కొద్దీ బుగ్గన చెయ్యి పెట్టుకుని ఎదుటిపక్షం వైపు చూసింది. అక్కడున్నది దండ వేసిన ఫోటో ఒక్కటే.

"ఏందమ్మా, మగపెళ్లివారికి నోర్లేదా?"

అంతటి శాస్త్రవేత్త మాట సాయం లేక ఓడిపోతున్నాడు. పున్నారావు ఇక తట్టుకోలేకపోయాడు. మైకు లాక్కుని, సున్నపురాయి లారీ ఘాట్ ఎక్కుతున్నట్టున్న గొంతుతో అందుకున్నాడు.

"బోదకాలుకి మందు తెచ్చినోడెవరమ్మా?
కడుపుతో ఉన్న పిల్లకి ఫోలిక్ బిళ్ల ఎవరి చలవమ్మా?
తప్పినా మళ్లీ రాసి గెలిచినోడమ్మా
ఆ అల్లుడు దొరకాలంటే రాసి పెట్టుండాలమ్మా!"

బడి దద్దరిల్లింది. పాటలో ఓడటం శేషారత్నానికిదే మొదలు. వాడుక ప్రకారం, ఓడినవాళ్లు ఇవ్వాల్సిన తాంబూలం తన సంచీలోంచి తీసి ఫోటో ముందు పెట్టింది.

"అల్లుడు గెలిచాడు. నువ్వు కాదురోయ్!" అంది పున్నారావుతో.

ముందు వరసలో కూర్చున్న మనవరాలు లహరి నిండు పొట్ట పట్టుకుని లేచి వచ్చింది.

"నాయనమ్మా, నా సీమంతానికి నువ్వే పాడాల. డీజే పెట్టెలు పెట్టనీను."

శేషారత్నం మొహం చేటంతైంది. అయినా ఆరా తీయకుండా ఎట్లా ఉంటుంది?

"పాడతాలే గానీ ఏమే, ఆయన బిళ్ల మింగుతున్నావా, కోళ్లకేస్తున్నావా?"

లహరి ఫోటో వైపు చూసి తల దించుకుంది.

"ఇయ్యాల్టి నుంచి మింగుతాలే."