పదకొండో నంబరు

మా చిన్నాన్న కొడుకు నాకంటే రెండేళ్లు పెద్ద. బోర్‌బండి కొని నష్టపోయి, పాలమూరు కోర్టులో ఐపీ పెట్టాడు. అప్పులు తీర్చే శక్తి లేదు, దివాలా తీసినవాడిగా ప్రకటించమని పిటిషన్. అప్పిచ్చిన వాళ్లందరికీ నోటీసులు వెళ్లాయి. చేబదులిచ్చిన ముప్పై వేలకు ఆ జాబితాలో నాది పదకొండో నంబరు.

కోపం రావాల్సింది. అసూయ వచ్చింది.

ఐటీఐ చదివి కోస్గిలో, కాలిన మోటార్లకు రాగి తీగ చుట్టే వైండింగ్ షాపు పెట్టుకున్నాను. ఐదో తారీఖు మిషన్ లోను, పన్నెండున బంగారం లోను, ఇరవైన చీటీ. రైతులేమో మోటారు తీసుకుపోయి పైసలు పంట మీద ఇస్తామంటారు. కిస్తీ రెండు రోజులు దాటితే నా ఫోన్ ఆగదు. అన్న ఫోన్ మాత్రం మోగదు.

ఒక పెండ్లి దావత్‌లో అన్న రెండోసారి మటన్ వేయించుకుంటున్నాడు.

"ఫికర్ లేదా అన్నా?" అన్నాను.

"ఫికరంతా కోర్టుకిచ్చిన తమ్మీ. జడ్జి సాబ్‌నే పడనియ్."

బంతిలో అందరూ నవ్వారు. అప్పుడే నా ఫోన్ మోగింది, బంగారం లోను వాళ్లు. ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని బయటికి నడిచాను. తిరిగొచ్చేసరికి నా విస్తరి ఎత్తేశారు.

నేనూ ఐపీ పెడదామని మర్నాడే అన్న వకీలు దగ్గరికి వెళ్లాను. ఆయన తేల్చి చెప్పాడు. "ఆస్తులు, అప్పులు రెండు పట్టీలు రాసుకరా. తాకట్టున్న అప్పు యాడికి పోదు, మిషన్ వాళ్లు మిషన్ పట్టుకపోతరు. చేబదుళ్లు ఆగుతయ్. కొత్త లోను మాత్రం ఆశ పెట్టుకోకు."

పట్టీ రాయడం హాయిగానే ఉంది. ఆరు పేర్లు గబగబా పడ్డాయి. ఏడోది రాగి తీగ అమ్మే చాచాది. మా బాపు కాలం నుంచీ కాగితం లేకుండా, వడ్డీ లేకుండా రీళ్లిస్తాడు. ఆ తీగ లేకపోతే నా షాపు లేదు.

"చాచాను ఇడిసిపెడితే?" అని వకీలును అడిగాను.

"ఒకర్ని దాసి కడితే కేసు నిలవదు. కోర్టు ముందట అందరు ఒక్కటే."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. చాచాకు కోర్టు నోటీసు పోతే ఏమంటాడో ఊహించలేకపోయాను.

ఆ వారమే అన్న కాలిపోయిన పంపు మోటారుతో షాపుకు వచ్చాడు.

"తమ్మీ, జర నీ పేరు మీద ఒక ఫ్రిజ్ తియ్యవా? కిస్తీ నేను కడత. నా పేరు కొట్టంగనే షాపోడు కంప్యూటర్ అటు తిప్పుకుండు."

"నేను పదకొండో నంబరునే అన్నా."

అన్న నవ్వలేదు. బల్ల మీద మోగుతున్న నా ఫోన్ వంక చూశాడు. "నీకు నయం. నిన్నింకా అడుగుతున్నరు. నన్నడిగేటోడే లేడు."

ఫ్రిజ్ తియ్యలేదు. మోటారుకు ముందు పైసలు తీసుకుని చుట్టాను, అన్నకైనా సరే. పట్టీ చింపేసి చాచా దగ్గరికి తీగకు వెళ్లాను. ఇరవయ్యో తారీఖు చీటీ కట్టాను.

చీటీ కట్టి వస్తుంటే అన్న తన ఇంటి అరుగు మీద నిద్రపోతున్నాడు. మిట్టమధ్యాహ్నం, నోరు తెరిచి, గురకపెడుతూ. బండి ఆపి కాసేపు చూశాను. ఆ నిద్రను మాత్రం ఇప్పటికీ ఓర్వలేను.