అమ్మ ఎంచుకున్న స్నానాల గది

చోడవరంలో మా ఇంట్లో ఆడవాళ్ల స్నానం పెరట్లో, తాటికమ్మల దడి వెనక. కింద ఒక రాయి, పైన ఆకాశం. తలుపు లేదు. దడి మీద చీర వేసి ఉంటే లోపల మనిషి ఉన్నట్టు. మగవాళ్లకు ఆ మాత్రం చాటు కూడా అక్కర్లేదు, నూతి దగ్గరే పోసుకునేవారు. మా అమ్మకు ఉబ్బసం. చలికాలంలో ఆ దడి వెనక నుంచి వచ్చిందంటే ఎండెక్కేదాకా గోడకు జారబడి రొప్పుతూనే ఉండేది. అనకాపల్లి డాక్టరు మందు ఇచ్చి, "మందు సంగతి తర్వాత, ముందు గాలి తగలకుండా ఆవిడకో స్నానాల గది కట్టించండి" అని మా నాన్నను మందలించాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, వానలు వెనకబట్టాక, నాన్న దడి పక్కనే పునాది తీయించాడు. ఆయనకు విశాఖపట్నంలో ఎవరో ఆఫీసరు ఇంట్లో చూసిన స్నానాల గది కళ్లలో మెదులుతోంది. బస్సెక్కి వెళ్లి తెల్లటి పింగాణీ పలకలు కొన్ని గోనెపట్టాలో చుట్టి తెచ్చి, వీధి అరుగు మీద పరిచాడు. నేలంతా వీటితోనే పరిపిస్తానన్నాడు. వీధిలో వాళ్లు వచ్చి వేళ్లతో నిమిరి చూశారు. మాడుగుల నుంచి వచ్చిన చుట్టం ఒకాయన, "ఇంత తెలుపైతే ఇక్కడే విస్తరేసి వడ్డించెయ్యొచ్చు బావా" అని నవ్విపోయాడు.

అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఒక పలక మీద పోసి, పాదం పెట్టి చూసింది.

"జారిపోతన్నాది. ఇవి గోడకి ఎట్టించండి. కాళ్ల కింద గరుకు రాయే ఉండాల" అంది.

ఇక అక్కణ్నుంచి గది ఆమె చేతిలోకి వెళ్లిపోయింది. వెలుతురు కోసం పెద్ద కిటికీ పెడదామన్నాడు నాన్న. గాలి తగలకూడదనే కదా ఈ గది, తల మీదికి చిన్న కిటికీ చాలు, దానికీ అద్దం ఉండాలంది అమ్మ. నిలబడి పోసుకోలేదు కాబట్టి లోపల కూర్చోడానికి చిన్న అరుగు కట్టాలి. తాపీ మేస్త్రి ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటే, అమ్మ వాటి మీద కూర్చుని లేచి చూసుకుని, మోకాళ్లు నొప్పెట్టని ఎత్తు దగ్గర ఆపమంది. మేస్త్రి అక్కడ గోడ మీద బొగ్గుతో గీత గీశాడు. ఇత్తడి కుళాయి కూర్చున్న చేతికి అందాలి. కుంకుడు గిన్నె పెట్టుకునే గూడు కుడిపక్కన ఉండాలి. వేడినీళ్ల కాగు బయట పొయ్యి మీదే ఉన్నా, నీళ్లు గోడలోంచి గొట్టం గుండా లోపలికి రావాలి. తలుపుకు లోపలి గడియ ఉండాలి. కుళాయి నీళ్ల కోసం పైన సిమెంటు తొట్టి కట్టారు. నూతిలో తోడి దాన్ని నింపే చాకిరీ మాత్రం నా నెత్తిన పడింది. నేను సణుగుతూనే నింపాను. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. అమ్మ తన కోసం ఇది కావాలని నోరు తెరిచి అడగడం నేను చూసింది అప్పుడే. నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

దసరాకు గది పూర్తయింది. నేను కాగు కింద మంట పెట్టబోతుంటే అమ్మ వచ్చి గదికి తాళం వేసింది.

"ఇప్పుడే కాదే గుంటా. అల్లుడు గారొచ్చి ముందు పోసుకోవాల."

మా అక్క మొగుడు ఖర్గపూర్‌లో రైల్వే ఉద్యోగి. పెళ్లయిన కొత్తలో మా ఇంటికి వచ్చి, నూతి దగ్గర స్నానం చేసి, "మీ ఊళ్లో స్నానం చూడ్డానికి కూడా జనం వస్తారన్నమాట" అని హాస్యమాడి వెళ్లాడు. ఆ మాట అక్క అత్తవారింట్లో ఏడాది పొడుగునా ఆడిందట. అక్క మాతో చెప్పి ఏడ్చింది. మా వైపు కొత్త పరుపు కుట్టినా, కొత్త గ్లాసు కొన్నా ముందు అల్లుడికి ఇవ్వడం మర్యాద. అలాంటిది, గది కట్టి మనమే ముందు వాడేసుకున్నామంటే పిల్ల మళ్లీ మాట పడాలని అమ్మ భయం.

"డాక్టరు కట్టమంది నీకా, అల్లుడికా?" అని నాన్న గట్టిగానే అరిచాడు.

"మీకేటి తెలుస్తాదండీ, మాట పడీది మన గుంట కదా," అంది అమ్మ. అమ్మది ఉడుంపట్టు. తాళంచెవి కొంగున ముడేసుకుంది.

దీపావళికి వస్తానన్న అల్లుడు గారు రాలేదు, సెలవు దొరకలేదని కబురొచ్చింది. కార్తీకం వచ్చింది. ఆ నెలంతా తెల్లవారకుండా తలస్నానం చెయ్యకపోతే అమ్మకు తోచదు. నిగనిగలాడే కొత్త గది పక్కనే, అదే పాత దడి వెనక, చన్నీళ్లు పోసుకునేది. నాన్న దడికి గోనెపట్టాలు కట్టాడు. గాలికి అవి ఊగుతూనే ఉండేవి. తొట్టి నిండుగా ఉంది, కాగు తోమి ఉంది, ఆవిడ మాత్రం బయట వణుకుతోంది. నాకు ఒళ్లు మండి ఒకరోజు బకెట్టు విసిరికొట్టాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, సొట్ట పడింది బకెట్టుకే.

పోలిపాడ్యమి వెళ్లేసరికి అమ్మకు జ్వరం తగిలింది. జ్వరం తగ్గినా ఆయాసం తగ్గలేదు. లేచి నాలుగడుగులు వేస్తే గుడ్లు తేలేసేది. మంచం మీదే ఉండిపోయింది.

ఒంట్లో బాగోలేదని తెలిసి పుష్యమాసంలో అక్కా, అల్లుడు గారూ వచ్చారు. అమ్మ ఆ ఆయాసంలోనే కొంగు ముడి విప్పి తాళంచెవి నాకిచ్చింది. నేను నీళ్లు కాచాను. ఆయన స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చి, "బాగా కట్టించారు మావయ్యగారూ" అన్నాడు. ఆ గది తన కోసం ఆగిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మంచిమనిషే, చెబితే కుమిలిపోయేవాడు. అయినా ఆయన మీద నా కోపం పోలేదు.

అక్కా, ఆయనా ఊరికి వెళ్లాక నాన్న మంచం పక్కన కూర్చుని, "ఇప్పుడైనా పద. మేమిద్దరం ఎత్తుకెళ్లి కూర్సోబెడతాం," అన్నాడు.

"ఒకరెత్తుకెళ్లి పోస్తే అది స్నానమేటండీ, పీనుక్కి పోసినట్టు," అంది అమ్మ.

నాన్న లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

కాసేపటికి అమ్మ నన్ను పిలిచి, "నువ్వెళ్లి పోసుకుని రాయే. ఎలాగున్నాదో సూసి సెప్పు," అంది. వెళ్లాను. గడియ పెట్టుకుని ఆ చిన్న అరుగు మీద కూర్చున్నాను. కుళాయి చేతికందింది. గూడు కుడిపక్కనే ఉంది. కాళ్ల కింద రాయి జారలేదు. అన్నీ ఆమె చెప్పినట్టే ఉన్నాయి. అక్కడే కూర్చుని బాగా ఏడ్చాను.

తిరిగొచ్చాక అమ్మ నా చెయ్యి పట్టుకుని తడిమి చూసింది.

"గాలి తగిలిందేటి?"

"లేదు."

"కిటికీలోంచి?"

"పిసరంత కూడా లేదమ్మా."

"నాను సెప్పలేదేటి," అంది. ముఖం విప్పారింది. నాన్నతో వాదించి గెలిచినంత సంతోషం.

ఆ తర్వాత రోజూ మంచం మీదే తడిగుడ్డతో ఆమె ఒళ్లు తుడిచాను. ఆ నీళ్లు మాత్రం ఆ గదిలోంచే పట్టి తెచ్చేదాన్ని.